జ్వరమొచ్చిన కుప్ప

టార్పాలిన్ పరదా అంచు పైకెత్తి రమ కొయ్యబారి నిలబడ్డ చోట పోయిన వారం ఆగాం. ఆ పరదా కింద ఆమెకు ఏం కనిపించిందో చెప్పలేదు. చెప్పుకుని సంతోషించే సంగతైతే అప్పుడే చెప్పి ఉండేవాళ్లం.

సంచులు ఉబ్బి ఉన్నాయి. వెనక వరసలో రెండింటికి మూతి కుట్లు తెగి, లోపలి సరుకు తవుడులా బయటికి కారింది. రమ పిడికెడు తీసి నలిపి చూసింది. వారం కింద విరిస్తే బడిలో సుద్దముక్కలా టక్కున విరిగిన గుళిక, ఇప్పుడు వేళ్ల మధ్య నానిన రొట్టెలా అణిగిపోయింది.

వడ్లు తడిస్తే ఆరబోసుకోవచ్చు. పత్తి తడిస్తే ధర పోతుంది గానీ పత్తి పత్తిగానే ఉంటుంది. బొగ్గుకైతే తడి ఒక లెక్కే కాదు. గుళిక అట్లా కాదు. ఒక్కసారి నీళ్లు తాగిందంటే తను పుట్టిన పొట్టులోకే తిరిగిపోతుంది. నెల రోజులు ఎండబెట్టినా మళ్లీ గుళిక కాదు.

ఈ కథను ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్లకు నాలుగు మాటలు. రంపపు మిల్లు పొట్టును మిషన్లో గట్టిగా ఒత్తితే చిటికెన వేలంత మందాన గుళికలు వస్తాయి. చిన్న ఫ్యాను బిగించిన పొయ్యిలో వేస్తే పొగ లేకుండా మండుతాయి. సెంటినరీ కాలనీకి దగ్గర్లో, ఇంటి పక్క ఖాళీ జాగాలో, రమ వాటిని నిల్వపెట్టి అమ్మడం మొదలుపెట్టి మూడు నెలలు. గంపెడు బొగ్గు ఎక్కడైనా దొరికే నేల మీద ఈ బేరమేమిటని నవ్వని మనిషి లేడు. ఆమె భర్త జైపాల్ బొగ్గుబాయిలో పని చేస్తాడు. "చెరువుల నిలవడి నీళ్లు కొనుక్కుంటరా ఎవలన్న?" అని మొదట నవ్వింది అతనే.

నవ్వనిది పూలమ్మ ఒక్కతే. గోదావరిఖనిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. రమ ఆ హాస్టల్లోనే ఏడేళ్లు చదువుకుంది, ఆ చేతి అన్నమే తిన్నది. ఇరవై రెండేళ్లు బొగ్గు పొయ్యి ముందు నిలబడ్డ పూలమ్మకు ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఊపిరాడదు. ఇంక బొగ్గు పొగ తగలకూడదని దవాఖానలో కచ్చితంగా చెప్పారు. పొయ్యి మార్చాలి, లేకపోతే పూలమ్మ ఆ పని మానుకోవాలి. రమ పోయి వార్డెనమ్మను బతిమాలితే చివరికి ఒక మాట దక్కింది. హాస్టల్ తెరిచిన రోజు నుంచి పదిహేను రోజులు గుళికల పొయ్యి మీద వండాలి. ఒక్క పూట వంట ఆగినా మళ్లీ బొగ్గు పొయ్యే, పూలమ్మ జాగాలో మరో మనిషే.

హాస్టల్ తెరిచేది రేపు పొద్దున. రెండువేల పన్నెండు, జూన్ నెల. మిరుగం కార్తె జొచ్చి నాలుగు రోజులైనా వాన ఒక్కసారి చిలకరించి ఊరుకుంది. రామగుండం ఎండ మాత్రం ఊరుకోలేదు.

"ఏందక్కా, దయ్యాన్ని చూసినట్టు నిలవడ్డవ్?" ముస్తఫా ట్రాలీ ఆటో దిగి వచ్చాడు. మూడు నెలలుగా సరుకు మోసేది అతని బండే.

"నీ బండి మేకులు తగిలి నా పరదా చినిగినట్టుంది. చూడు, ఎన్ని సంచులు నాశనమైనయో!"

"ఖసమ్ సే అక్కా, ఆ మేకులు నా లుంగి చింపినయి గని నీ పరదా చింపలే." అతడు సంచులూ పరదా నడుమ దూరి, వెల్లకిలా పండుకుని పైకి చూశాడు. "ఒక్క చుక్క వెలుతురు లేదు. సినిమా టాకీసు లెక్క చీకటున్నది. యాడ చినిగింది?"

రమకూ తెలుసు చినగలేదని. ఎవరినో ఒకరిని అనకపోతే గుండె పగిలేలా ఉంది, అందుకని అంది. ఆమె చేయనిదంటూ ఏముంది? ఇటుకలు పేర్చి, వాటి మీద నీలగిరి కట్టెలు పరిచి, సంచులను నేలకు జానెడు ఎత్తున పెట్టింది. చుట్టూ కాలువ తీసింది. పరదా పడమటికి వాలేట్టు నడుమ వాసం నిలబెట్టింది. లోపలి ఆవిరి బయటికి పోవడానికి రెండు పక్కలా సందు వదిలింది. గోడకు ఆనకుండా మూరెడు ఎడం ఉంచింది. కరీంనగర్‌లో రెండు రోజుల శిక్షణలో చెప్పింది విని, నోట్‌బుక్కులో రాసుకొని, రాసుకున్నట్టే చేసింది. చేసినవాళ్లకు ఇట్లా, ఏమీ చేయనివాళ్లకు ఏమీ కాదు. ఈ లోకం తీరే అంత అనిపించింది.

"అక్కా, జర ఇటు రా," లోపలినుంచి పిలిచాడు ముస్తఫా. గొంతులో పరాచికం పోయింది. "పైసంచులు పొడిగున్నయి. పక్కలు పొడిగున్నయి. నడుమ తడి, అడుగు తడి. వాన పైనుంచి గద పడేది? ఇదేం వాన?"

రమ వంగి చూసింది. వెనక వరస సంచులకు బొక్కలున్నాయి.

"పందికొక్కులా?"

"పందికొక్కు కొలత పెట్టి పొడుస్తదా? చూడు, అన్ని ఒక్కతీరు, బొటనవేలంత. ఈ దిక్కు జొచ్చి ఆ దిక్కు తేలింది."

కుప్ప వెనకవైపు నేల తడిగా ఉంది. ఆ తడి మట్టిలో గుండ్రని అచ్చులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రమ చాలాసేపు వాటినే చూసింది. గిన్నె అచ్చు కాదు, బకెట్ అచ్చు కాదు. ఒక పక్క కొంచెం సొట్ట. ఆ సొట్ట ఆమె ఎరిగినదే.

ఇంట్లో అందరూ ప్లాస్టిక్ బిందెలే వాడతారు. ఇత్తడి బిందె ముట్టేది ఒక్కరే. ఆ బిందె బోరింగు పక్కన బోర్లించి ఉంది. రమ తిప్పి చూసింది. అడుగున ఎండిన పొట్టు, పాత గోడకు సున్నంలా పట్టుకుని ఉంది.

ఇంటి వెనక నీడలో ఆమె మామ సదయ్య నులక మంచం బిగిస్తున్నాడు. బొగ్గు యార్డులో ఇరవై తొమ్మిదేళ్లు పని చేసి దిగిన మనిషి. మాట తక్కువ. చేతులు ఖాళీగా ఉంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటాడు.

"మామ."

"ఆఁ బిడ్డ."

"ఈ బిందెకు పొట్టెందుకంటింది?"

సదయ్య నులక తాడును కాలివేళ్ల మధ్య పట్టి లాగాడు. ముడి వేశాక గానీ తల ఎత్తలేదు. "నీళ్లు పోసిన."

"దేనికి?"

"కుప్పకు."

దొంగతనం దొరికిన మనిషి చెప్పినట్టు లేదు. బర్రెకు కుడితి పెట్టిన అని చెప్పినట్టుంది.

"ఎన్ని దినాలసంది?"

"ఐదు దినాలాయె. జైపాల్ ఫస్ట్ షిఫ్టుకు పోయేటప్పుడు నువ్వు పొయ్యి కాడుంటవు గద. గప్పుడు. దినాం నాలుగు బిందెలు."

రమకు నవ్వు రాబోయింది. అది నవ్వు కాదని గొంతులోనే తెలిసింది. "నేనేం పాపం జేసిన మామ నీకు? గా నీళ్లేందో నా నెత్తిమీద పొయ్యకపోయినవా!"

"కుప్పకు జ్వరమొచ్చింది బిడ్డ."

"ఏమొచ్చింది?"

"జ్వరం. మొన్న బుధారం చెయ్యి పెట్టి చూస్తే పరదా కింద ఎచ్చగ తాకింది. సలాక దించిన. గంటసేపుంచి తీసి చెంపకు ఆనిచ్చిన. కాలింది. కుప్ప కాలవట్టిందంటే ఆగద్దు. లోపల రాజుకుంటది. నీళ్లు పోసి సల్లవర్చాలె. ఇరవై తొమ్మిదేండ్లు నేను చేసిన డ్యూటీ గదే గద."

బొక్కలు ఎక్కడివో తెలిసింది. యార్డులో బొగ్గు గుట్టలకు గుచ్చి వేడి చూసే ఇనుప సలాకను సదయ్య దిగిపోయిన రోజున వెంట తెచ్చుకున్నాడు. తోటి కూలీలు దానికి పసుపు రాసి ఇచ్చారు. ఆ సలాకతో ఈయన సంచి సంచికీ జ్వరం చూశాడు.

"మామ, గిది జూన్ నెల." రమ గొంతు పైకి పోయింది. "ఎండల పరదా కింద ఏది పెట్టినా కాల్తది. నీ బనీను పెట్టినా కాల్తది! దానికి గూడ జ్వరమొచ్చిందని నీళ్లు పోస్తవా?"

ముస్తఫా ఫక్కున నవ్వి, రమ ముఖం చూసి, నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు.

"నీళ్లు పోసినంక సల్లవడాలె గద," సదయ్య తన లెక్కలో తాను ఉన్నాడు. "సల్లవడలే. ఇంక ఎక్కువైంది. అందుకే నిన్నటిసంది ఆరు బిందెలు చేసిన."

రమ పరుగులాంటి నడకతో పోయి, తెగిన సంచిలోకి మోచేతిదాకా చెయ్యి దోపింది. నిజమే. లోపల వేడి. ఎండ వేడి కాదు, పులిసిన పిండి వేడి. తడిసిన పొట్టు మురుగుతూ తనకు తానే కాగుతోంది. లేని జ్వరానికి మందు పోస్తే ఉన్న జ్వరం పుట్టింది. ఆ జ్వరానికి మళ్లీ అదే మందు.

"చెప్పకుండ ఎట్ల చేస్తివి మామ? ఒక్కమాట అడగరాదా?"

"అడిగిన."

"ఎప్పుడు?"

"సరుకు దింపిన తొల్తరోజు. కుప్ప మీద నీళ్లు ఎప్పుడు చల్లుతరు బిడ్డ అని అడిగిన. నువ్వు, జైపాల్, ఈ ముస్తఫా, అందరు నవ్విండ్రు."

రమకు గుర్తొచ్చింది. ముసలాయన పరాచికమాడుతున్నాడనుకుంది. ‘సల్లుదాం తియ్యి మామ, సబ్బు పెట్టి కడుగుదాం’ అని తనే అన్నది కూడా. హోటళ్లవాళ్లకు చెప్పింది, మెస్సులవాళ్లకు చెప్పింది, ముస్తఫాకైతే విసుగొచ్చేదాకా చెప్పింది, గుళికకు తడి తగలొద్దని. ఇంట్లో ఉన్న మనిషికి మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్లు నిప్పుతో, బొగ్గుతో బతికిన మామకు కోడలు పోయి పొయ్యి సంగతులు చెప్పడమేమిటని ఊరుకుంది. అది మర్యాద అనుకుంది.

"నవ్వితే మాత్రం? నవ్వినోళ్లకు జెర ఎదురు చెప్పరాదా? మూగనోము వట్టి నీళ్లు పోసుడేనా?"

సదయ్య మంచం కోడు మీద చెయ్యి వేసి లేచాడు. ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడని మనిషి.

"మా యార్డు ఆగయ్య నీకు ఎరుకలేడు బిడ్డ. నువ్వు ఈ ఇంటికి రాకముందే పోయిండు. గుట్ట వేడి చూసి నీళ్లు పోయించుడు నా డ్యూటీ. ఒక్క ఐతారం పోయించలే. పెద్దపల్లిల పెండ్లుండె, పోయిన. నా జాగల ఇంకొకల్ని పెట్టలే. అది నా తప్పు, ఎవలది కాదు. సోమారం పొద్దుగాల ఆగయ్య గుట్టెక్కిండు. పైన నల్లగనే ఉన్నది, ఏం తెలుస్తది? లోపల కాలి బూడిదై గుల్లయింది. మోకాలుదాక దిగవడ్డడు. నేనే గుంజిన బయటికి. చెప్పు ఊడి రాలే బిడ్డ. కాలి తోలుతోటే వచ్చింది."

దూరంగా బొగ్గు రైలు కూత వేసుకుంటూ పోయింది.

"నువ్వు దినాం ఆ కుప్ప మీదికెక్కి సంచులు దించుతవు," అన్నాడు సదయ్య. "గందుకు పోసిన."

రమ తిట్టడానికి నోరు తెరిచింది. ఆగయ్య కాలు అడ్డం వచ్చింది. మూసుకుంది. మళ్లీ తెరిచింది. దొంగ పోసిన నీళ్లయితే దొంగను పట్టుకుని కొట్టొచ్చు. పగవాడు పోసిన నీళ్లయితే ఊరంతా వినేలా శాపాలు పెట్టొచ్చు. తన కాళ్లు కాలకూడదని పోసిన నీళ్లను ఏం చేయాలి? ఆ కోపానికి పోవడానికి తోవ లేక బిందె మీదికి పోయింది. కాలితో ఒక్క తన్ను తంతే అది దొర్లుకుంటూ పోయి కాలువలో పడింది. ఇంకో సొట్ట పడింది. బొటనవేలు చిట్లింది.

"అరె, నడువు అక్కా," ముస్తఫా చొక్కా చేతులు మడిచాడు. "ఏడ్చుడు పొద్దుమీకి ఏడుద్దువు. పొడివన్ని పక్కకు తీద్దాం పా. తడితోటి ఆనుకొని ఉంటే అవి గూడ పోతయి."

సంచులు ఒక్కొక్కటే దింపారు. పొడి సంచిని అరచేత్తో చరిస్తే లోపల గుళికలు గలగలమంటాయి. తడిది దెబ్బ తిన్న డప్పులా పలకదు. కొన్ని సంచులు ఎటూ తేలలేదు. సదయ్య పిలవకపోయినా వచ్చాడు. సంచి పక్కన గొంతుకూర్చొని, చెవి ఆనించి, రెండు వేళ్లతో కొట్టి, "ఉంచు" అనో "తీసెయ్" అనో అన్నాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. అది చూసి రమకు ఇంకా మండింది. ఇంత చెవి ఉన్న మనిషి, ఇంత చెయ్యి ఉన్న మనిషి! ఒక్క మాట తను ముందే చెప్పి ఉంటే ఈ కుప్పకు ఇంతకంటే మంచి కాపలా ఎక్కడ దొరికేది?

చివరికి పదకొండు సంచులు ‘ఉంచు’లో మిగిలాయి. మిగతావి పొలంలో ఎరువుకు పనికొస్తాయేమో.

"పోయిన కాడికి పోయినయి," ముస్తఫా తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పూలమ్మక్కకు ఫికర్ లేదు గద. ముంగటి వరసలయి ఇరవై సంచులు నిన్ననే హాస్టల్ల దించినం. వంటింటి వెనక ఇటుకలు పేర్చి, పరదా కట్టి, ముద్దుగ పెట్టొచ్చినం. ఈ పదకొండు కలిపితే పదిహేను దినాలు ఆరాంగ వెళ్తది."

రమకు అప్పుడు ఊపిరి వచ్చింది. అవును, హాస్టల్ సరుకు హాస్టల్లో ఉంది. ఈ ఇంటి నీళ్లు అక్కడిదాకా పోవు. పూలమ్మ రేపు పొద్దున కొత్త పొయ్యి వెలిగిస్తుంది, ఎనభై మంది పిల్లలకు ఉప్మా చేస్తుంది, దగ్గకుండా చేస్తుంది. ఇక్కడ పోయింది తన కుప్ప. మళ్లీ తెచ్చుకుంటుంది. జైపాల్ ఒక నెల నవ్వుతాడు, నవ్వనీ.

కొంగుతో ముఖం తుడుచుకుని మామ వైపు తిరిగింది. గొంతులో కోపం ఇంకా ఉంది గానీ అడుగంటింది. "ఇగ విను మామ. ఇది బొగ్గు గాదు. దీనికి నీళ్లే విషం. ఇగ నువ్వే ఈ కుప్పకు కాపలా. ఒక్క చుక్క పడితే నిన్నే అడుగుత. సరేనా?"

"సరే బిడ్డ."

"ఆ సలాక ఇటు తే. పోయి గోదారిల పారేసొస్త."

సదయ్య కదలలేదు. నేల వైపు చూశాడు. తర్వాత పదకొండు సంచుల వైపు చూశాడు. ఇప్పుడిప్పుడే ఏదో లెక్క కలుస్తున్నట్టు పెదాలు కదిలాయి.

"సలాక లేదు బిడ్డ."

"యాడికి పోయింది?"

"ఎల్లన్నకిచ్చిన."

ఎల్లన్న ఆ హాస్టల్ వాచ్‌మన్. అంతకుముందు అదే యార్డులో, అదే గుట్టల మీద, సదయ్య జోడీ. సదయ్య సలాక దించి చూస్తే నీళ్ల పైపు పట్టేది ఎల్లన్న. పైపు ఎల్లన్న అంటే ఈనాటికీ పాత కార్మికులకు తెలుసు. నిన్న సరుకుతో పాటు సదయ్య ట్రాలీ ఎక్కి పోయింది చూసి, పాత దోస్తును కలవడానికేమో అనుకుంది రమ.

"ఎందుకిచ్చినవ్?" అడిగింది, తెలిసే అడిగింది.

"మంది పిల్లలున్న జాగ గదా బిడ్డ. వంటింటి పక్కన కుప్ప. ఏమన్నయితే ఎట్ల? రేపటిసంది డ్యూటీ ఎక్కంగనే తొల్త పని గదే చెయ్యమని చెప్పిన." సదయ్య గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది. "మంచిగ తడువాలె, అడుగుదాక దిగాలె అని చెప్పిన. ఎల్లన్న మాట తప్పడు."

నిన్న చెప్పిన రేపు అంటే ఈ రోజే.

"డ్యూటీ ఎన్నింటికి ఎక్కుతడు?"

"ఐదింటికి."

ముస్తఫా సెల్‌ఫోన్ తీసి చూశాడు. సాయంత్రం ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ. గోదావరిఖనికి ట్రాలీ ఎంత తొక్కినా అరగంట పైనే. అతడు పరుగెత్తి బండి స్టార్ట్ చేశాడు. సదయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెనక ఎక్కాడు. రమ ఒక కాలు బండిలో, ఒక కాలు నేల మీద పెట్టి పూలమ్మకు ఫోన్ కలిపింది. ఎల్లన్నకు ఫోన్ లేదు.

చాలాసేపు మోగాక పూలమ్మ ఎత్తింది.

"రమా! నూరేండ్లు నీకు. ఇప్పుడే నిన్ను అనుకున్న. పొయ్యి తుడిచి, పసుపు బొట్టు పెట్టిన. రేపు పొద్దుగాల తొల్త ఉప్మా..."

"పూలమ్మత్తా, ఆగు. ఎల్లన్న కాక వచ్చిండా?"

"వచ్చిండమ్మ, ఇయ్యాల జల్దే వచ్చిండు. మంచి మనిషి. నీ సంచులంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో! పరదా అంతా ఇప్పి, చెయ్యి పెట్టి పెట్టి చూస్తున్నడు. ఎచ్చగున్నయంట."

"అత్తా! ఆయన్ని ఆపు! నీళ్లు..."

"ఏంది? ఇనవడ్తలేదు బిడ్డ, మోటరు పెట్టిండ్రు. ఉండు." పూలమ్మ ఫోన్ చెవి నుంచి దించినట్టుంది. ఆమె కేక దూరంగా వినిపించింది. "ఎల్లన్నా! రమ ఏమో నీళ్లంటున్నది!"

దానికి జవాబుగా ఎక్కడో వెనకనుంచి ఒక ముసలి గొంతు, డ్యూటీలో ఉన్న మనిషి గొంతు, హుషారుగా పలికింది.

"ఇగో పోస్తున్ననని చెప్పు! పైపు పట్టిన!"

ముందు ఖాళీ పైపు రెండుసార్లు దగ్గింది. తర్వాత నీళ్లు పడుతున్న చప్పుడు. దేని మీద పడుతున్నాయో రమకు ఫోన్లో తెలియలేదు. వెనకనుంచి ఆమె భుజం మీదికి వంగి, ఆ ఫోన్‌కు చెవి ఆనించిన సదయ్య మాత్రం ఆ చప్పుడు గుర్తుపట్టి కళ్లు మూసుకున్నాడు.